రెండు బ్యాండ్ల వాహన రేడియో: యజమానుల అనుభవములు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు గావించిన ఉపన్యాసము)



1977 నవంబరు 19వ తేదీన దివిసీమపై ఉప్పెన విరుచుకొని పడినప్పుడు, ఆ ఘోరము ఎంతటిదో బయటి ప్రపంచమునకు తెలియుటకే దినములు పట్టెను. తంతి స్తంభములు నేలకూలినవి, రోడ్లు తెగిపోయినవి, వార్త మోసికొనిపోవు మార్గమే లేకపోయెను. తరువాత 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినప్పుడు ఇంచుమించు ప్రతివాని జేబులోను ఫోను ఉన్నది. అయినను టవర్లు కొన్ని దెబ్బతిని, కొన్నింటికి విద్యుత్తు లేక, ఆ ఫోనులు మూగవోయినవి. ముప్పదియేడు సంవత్సరములలో యంత్రములు మారినవి గాని, వార్త ఆగిపోవు తీరు మాత్రము మారలేదు.

గ్రంథాలయ సభలో రేడియో యంత్రమును గూర్చి ప్రసంగమేమి యని కొందరికి తోచవచ్చును. ఒకప్పుడు పల్లెలయందు సాయంకాలము జనులు గుమిగూడినది రెండే చోట్ల: పత్రికల బల్ల యొద్ద, పంచాయతీ రేడియో యొద్ద. రెండింటి పనియు వార్త చెప్పుటయే. అయితే పంచాయతీ రేడియో చెప్పునదే గాని వినునది కాదు. ఊరిలో ఇండ్లు మునిగినవని దానికి చెప్పిన ప్రయోజనము లేదు. చెప్పుటకును వినుటకును పనికివచ్చు రేడియో వేరొకటి కలదు. దానిని సొంతముగా నడుపుకొను గృహస్థులు, విద్యార్థులు, ఉద్యోగులు ప్రపంచమంతట ఉన్నారు. వీరినే ఔత్సాహిక రేడియో వారనియు, వాడుకలో ‘హామ్’లనియు అందురు. వీరు దీనితో వ్యాపారము చేయరాదు; సంగీత ప్రసారము చేయరాదు; తమవంటి అనుమతి గలవారితో మాత్రమే మాటలాడవలెను. భారతదేశమున 12 ఏండ్లు నిండినవారు కేంద్ర ప్రభుత్వ కమ్యూనికేషన్ల శాఖ వారి పరీక్షకు కూర్చుండవచ్చును. అందు నెగ్గినవారికి ‘వి.యు.2’ అనియో, ‘వి.యు.3’ అనియో ఆరంభమగు సంకేతనామము లభించును. ప్రధానమంత్రిగా నుండిన రాజీవ్ గాంధీ గారికి సైతము ‘వి.యు.2 ఆర్.జి.’ అను సంకేతనామము ఉండెడిది. ఈ విద్యను నేర్పుటకు 1983లో ఏర్పడిన జాతీయ సంస్థ హైదరాబాదునందే యున్నది.

ఈ ఔత్సాహికులు వాడు యంత్రములు పెక్కు రకములు. వానిలో కారునందు అమర్చుకొను రెండు బ్యాండ్ల యంత్రమొక్కదానిని గూర్చియే ఇచ్చట విచారింపబడును. దానిని ఇంగ్లీషులో ట్రాన్సీవరు అందురు. పంపు సాధనమును, వినుసాధనమును ఒకే పెట్టెలో ఇమిడియుండుటయే దాని ప్రత్యేకత. బరువు కిలోన్నర ప్రాంతము; పరిమాణమున ఒక నిఘంటువునకు మించదు. కారు బ్యాటరీయే దానికి ఆహారము. అది రెండు తావుల పనిచేయును: ఒకటి 2 మీటర్ల బ్యాండు, అనగా 144 నుండి 146 మెగాహెర్ట్జ్ వరకు; రెండవది 70 సెంటీమీటర్ల బ్యాండు, భారతదేశమున 434 నుండి 438 మెగాహెర్ట్జ్ వరకు. ఈ తరంగములు సామాన్యముగా కంటిచూపు వలె తిన్నగా పోవునవి. కొండ అడ్డమైనచో ఆగును. భూమి వంపు తిరిగినచో ఆగును. కావున ఎత్తైన భవనముల మీదను, కొండల మీదను ‘రిపీటరు’ అను యంత్రమును నిలుపుదురు. అది క్రిందివారి మాటను ఒక తావున విని, అదే క్షణమున వేరొక తావున బిగ్గరగా తిరిగి చెప్పును. రిపీటరు అందుబాటులో నున్నచో కారులోనివాడు తన జిల్లా పొడవునను మాటలాడగలడు.

జపాను దేశపు కెన్‌వుడ్ సంస్థ 2007లో వెలువరించిన టి.ఎం. డి 710 అను యంత్రము ఈ జాతిలో బాగుగా పేరుగన్నది. రెండు బ్యాండ్లయందును 50 వాట్ల శక్తితో పంపగలదు. కావలెనన్న 10 వాట్లకును, 5 వాట్లకును తగ్గించుకొనవచ్చును. వేయి తావులను జ్ఞాపకముంచుకొనును. ఒకేసారి రెండు తావులను వినును. ముఖభాగమును వేరుచేసి, మొండెమును సీటు క్రింద దాచి, ముఖమును మాత్రము చోదకుని ఎదుట అతికించుకొనవచ్చును. ఇతర సంస్థలవారును ఇట్టివానినే చేసిరి. ఇక ముందు చెప్పబోవు అనుభవములు ఏ ఒక్క సంస్థ యంత్రమునకో సంబంధించినవి కావు; ఈ తరగతి యంత్రములన్నింటికిని చెల్లునవి.

కొత్తగా యంత్రము కొన్నవాడు మొదటి వారము దాని మీటలను గూర్చియే మాటలాడును. దీపపు రంగు మార్చవచ్చునా, ఎన్ని తావులు జ్ఞాపకముండును, మైకు మీద ఎన్ని అంకెలున్నవి, ఇవియే ముచ్చటలు. ఆరు నెలలు గడచిన యజమాని ఈ మాటలే ఎత్తడు. అతడు మాటలాడునది తీగలను గూర్చి, ఫ్యూజులను గూర్చి, అతుకులను గూర్చి, కారు తలుపు సందులను గూర్చి. వేలకు వేలు పోసి కొన్న పెట్టె చెడిపోవుట అరుదు. దానిని పనికిరానిదిగా చేయునది పెట్టెకు వెలుపలనున్న నూరు, రెండువందల రూపాయల సామగ్రియే. అనుభవజ్ఞులందరును ఏకగ్రీవముగా చెప్పు సంగతి ఇదియొక్కటే.

మొదట తీగ సంగతి. కారునందు సిగరెట్టు వెలిగించుకొనుటకై ఏర్పరచిన రంధ్రమొకటి యుండును. ఫోనులకు విద్యుత్తు ఎక్కించుకొనునది దానినుండియే. కొత్త యజమాని తొందరపడి రేడియోను దానికే తగిలించును. వినుటకు బాగుగనే యుండును. మైకు మీది మీట నొక్కి మాటలాడగనే యంత్రము దీపమారి, మీట వదలగనే మరల వెలుగును. దుకాణమువాడు చెడిపోయిన యంత్రమిచ్చెనని అతడు కోపించును. దోషము యంత్రముది కాదు. 50 వాట్లు పంపునపుడు అది 12, 13 ఆంపియర్ల విద్యుత్తును లాగును. సన్నని తీగలోను, వదులుగా నున్న అతుకులలోను కలిపి ఒక ఓములో పదియవవంతు నిరోధమున్నను, 1.2 వోల్టులు త్రోవలోనే హరించిపోవును. యంత్రమునకు కావలసినది 13.8 వోల్టులు, నూటికి 15 వంతుల హెచ్చుతగ్గులను అది సహించును, అనగా 11.7 కంటె తగ్గరాదు. ఇంజను ఆపియున్నప్పుడు బ్యాటరీయందుండునది 12.5 వోల్టుల ప్రాంతము. అందుండి 1.2 పోగా మిగిలినది 11.3. లెక్క ఇంతే. లావుపాటి రాగితీగను బ్యాటరీ నుండి తిన్నగా తెచ్చి, బ్యాటరీకి దగ్గరగా ఫ్యూజు వేసినచో ఈ పీడ విరగడయగును. ఫ్యూజు బ్యాటరీకి దగ్గరనే యెందుకనిన, తీగ ఎక్కడనో ఒరిసికొని ఇనుమును తాకినప్పుడు యంత్రమే గాదు, కారే తగులబడగలదు. యంత్రము ప్రక్కనున్న ఫ్యూజు ఈ ప్రమాదమును ఆపజాలదు.

తీగ సరిగా వేసినను ఇంకొక చిక్కు కలదు. ఇంజను నడచుచుండగా అవతలివారికి ఇతని మాటతో కూడ సన్నని ఈల వంటి ధ్వని వినిపించును. కారు వేగము హెచ్చినకొలది ఈల స్థాయి హెచ్చును. అది ఆల్టర్నేటరు కూత. తీగను నేరుగా బ్యాటరీకి తగిలించి, ఇంజను తీగలకు దూరముగా నడపినచో తరచుగా అదియే పోవును. పోనిచో మధ్యలో వడపోత సాధనమునొకదానిని వేయుదురు. బ్యాటరీ విషయమున మరియొక చిన్న జాగ్రత్త: తీగ నేరుగా బ్యాటరీకే యుండుటచే, కారు తాళము తీసినను రేడియో వెలుగుచునే యుండును. ఊరికిపోయి నాలుగు దినములకు తిరిగివచ్చిన యజమానికి కారు కదలదు. తనంతట తాను ఆరిపోవు ఏర్పాటు యంత్రమునందే యున్నది. పుస్తకము చదివినవారికి అది తెలియును. యంత్రముతో వచ్చు పుస్తకమును చదువకుండుట యజమానులలో సార్వత్రికమైన గుణము.

ఇక ఏరియల్. పెట్టె ఎంత ఘనమైనదైనను ఏరియల్ హీనమైనచో అది గొంతు నొక్కబడిన గాయకునివంటిది. 2 మీటర్ల తరంగమునకు నాల్గవవంతు పొడవు కడ్డీ చాలును, అది అరమీటరు. చిత్రమేమన, 145ను మూడింతలు చేసిన 435 అగును. కావున 2 మీటర్లకు కొలిచిన కడ్డీయే 70 సెంటీమీటర్లకును ఒకపాటిగా పనిచేయును. రెండు బ్యాండ్లు ఒక్క యంత్రమునందు, ఒక్క కడ్డీమీద చక్కగా కాపురముండుటకు ఈ మూడింతల సంబంధము కొంత కారణము. కడ్డీకి మంచిచోటు కారు కప్పు నడిమి భాగము. క్రిందనున్న ఇనుపరేకు కడ్డీకి రెండవ సగముగా పనిచేయును. కారు వెనుక కమ్మికి బిగించినచో ఒకవైపు బాగుగను, ఒకవైపు పీలగను వినిపించును. కప్పునకు రంధ్రము చేయుటకు యజమానికి మనసొప్పదు. ఇంటిలోనివారికి అసలే ఒప్పదు. అందుచేత అయస్కాంతపు పీఠము మీద నిలుపుదురు. ఇది ఇనుముకే అంటును. అద్దపు కప్పునకు, అల్యూమినియమునకు అంటదు. అయస్కాంతము క్రింద ధూళి చేరి రంగును గీరును. వారమునకొకసారి ఎత్తి తుడువవలెను.

అసలు కష్టము తలుపు సందున దాగియున్నది. ఏరియల్ కేబులు కారులోనికి పోవునది తలుపు అంచు క్రిందనుండియే. తలుపు మూసినప్పుడెల్ల అది నలుగును. లోపలి రాగి అల్లిక తెగును. పై తొడుగు చిట్లును. ఎండలో ఏ లోపమును కనబడదు. వానలో నీరు ఆ చిట్లులోనికి దిగును. అప్పుడు పంపిన శక్తి ఏరియల్‌కు చేరక వెనుకకు మరలి యంత్రమునే వేడెక్కించును; యంత్రము తన్ను తాను కాపాడుకొనుటకై శక్తిని తగ్గించుకొనును. తుపానునాటి అవసరమునకై కొనబడిన యంత్రము సరిగా ఆ వాననాడే మూగవోవుట ఇట్లు జరుగును. వేసవిలో ఎన్నిసార్లు పరీక్షించినను ఈ దోషము బయటపడదు. కావున ఎరిగినవారు తొలకరివానలో తడియుచునే పరీక్ష చేయుదురు.

కొందరు ఈ వాహన యంత్రమునే ఇంటిలో నిలుపుకొందురు. వారికి నలుగుడు బాధ లేదు గాని దూరపు బాధ కలదు. మేడమీది ఏరియల్‌కు 20 మీటర్ల కేబులు కావలెను. చౌకగా దొరకు సన్నని కేబులు తెచ్చిరా, 2 మీటర్ల బ్యాండునందు సగమునకు మించిన శక్తియు, 70 సెంటీమీటర్లయందు నాలుగింట మూడువంతులకు పైగాను కేబులులోనే వేడియై పోవును. 50 వాట్ల యంత్రము కొని 12 వాట్లు మాత్రమే ఆకాశమున కర్పించుట యనగా ఇదే. పైపెచ్చు వచ్చు మాటకును అదే నష్టము. లావుపాటి మంచి కేబులు వేసినవాడు తక్కువ శక్తి యంత్రముతోనే వీనికంటె దూరము పోవును.

వేడిని గూర్చి చెప్పక తప్పదు. 13.8 వోల్టుల వద్ద 12 ఆంపియర్లనగా ఇంచుమించు 165 వాట్లు. అందు 50 వాట్లు ఏరియల్‌కు పోవును; మిగిలిన 115 వాట్లును ఆ చిన్న పెట్టెలోనే వేడియగును. పాతకాలపు 100 వాట్ల దీపమును వెలుగుచుండగా చేతితో తాకినవారికి ఇది ఎంత వేడియో చెప్పనక్కరలేదు. వెనుకభాగమున చిన్న పంకా తిరుగును. సీటు క్రింద తివాచీలో చుట్టుకొనిపోయినట్లు పెట్టెను దాచినచో పంకా ఏమి చేయగలదు? వేసవి మధ్యాహ్నము తలుపులు మూసి ఎండలో నిలిపిన కారులోపల ముందే పొయ్యివలె నుండును. కొందరు యజమానులు ఐదేసి నిమిషములు మీట వదలక ఉపన్యాసములిత్తురు. (ఉపన్యాసములు దీర్ఘమగుట రేడియోలకే పరిమితము కాదని సభాసదులు నవ్వుకొనవచ్చును.) వేడి మితిమీరినచో యంత్రము శక్తిని తగ్గించుకొనును, అనుదినమును అట్లే కాల్చినచో దాని ఆయుర్దాయము క్షీణించును. ఉపాయము సులభము: 10 వాట్లతోనో, 5 వాట్లతోనో మాటలాడుటయే. రిపీటరు దాపుననున్నపుడు 50 వాట్లతో చెప్పినను 5 వాట్లతో చెప్పినను వినువారికి భేదమే తెలియదు. 50 వాట్లు ఊరి పొలిమేర దాటి మాట అందనప్పటికై దాచుకొనవలసిన సొమ్ము.

రెండు తావులను ఒకేసారి వినుట ఈ యంత్రపు గొప్ప సుఖము. దాని నుండియే గొప్ప పొరపాటును పుట్టును. ఎడమవైపున ఊరి రిపీటరు, కుడివైపున మిత్రుల తావు వినబడుచుండును. మైకు మాత్రమొక్కటే, అది ఏదో యొక ప్రక్కకే తగిలియుండును. ఏ ప్రక్క నుండి పిలుపు వచ్చెనో చూడక మీట నొక్కినవాడు ఇంటి వంట ముచ్చటను జిల్లా అంతటికి వినిపించును. పిలిచినవాడు మాత్రము జవాబు రాలేదని అలిగి కూర్చుండును. ఇట్టి కథలు ప్రతి యజమానియొద్దను రెండేసియైనను ఉండును. సామాన్య దినమున ఇది నవ్వులాట. నలువురు ఒకే తావున సాయము కోరునపుడు ఇది నవ్వులాట కాదు. అందుచేత అనుభవజ్ఞులు పనివేళ రెండవ ప్రక్కను పూర్తిగా నోరుమూయించి కూర్చుందురు.

మరియొక చిక్కు మాటలో వినబడనిది. చాల రిపీటర్లు ఎవరు పిలిచినను పలుకవు. మాట క్రింద సన్నని గుర్తు ధ్వని యొకటి, 67 హెర్ట్జ్ అనియో 88.5 హెర్ట్జ్ అనియో, కలిసి వచ్చినప్పుడే తలుపు తీయును. ఆ గుర్తును యంత్రమునందు ముందుగా నమర్పకున్న యజమాని అందరిని విన్నను, ఇతనినెవ్వరును వినరు. పంపు తావునకు, విను తావునకు నడుమ దూరము తప్పినను ఇంతే. 2 మీటర్ల రిపీటర్లకు ఆ దూరము సాధారణముగా 600 కిలోహెర్ట్జ్. ఇవియన్నియు మీటలతో ఎక్కించుట ఓపిక చెడగొట్టు పని. కావున కంప్యూటరుకు కేబులు తగిలించి ఒకేసారి వందల తావులను నింపుదురు. ఇందును ఒక మోసమున్నది. కంప్యూటరు నింపిన తావులను యజమాని కంఠస్థము చేయడు. ఆరు నెలలకు 37వ తావున ఏమున్నదో అతనికే తెలియదు. తుపానురాత్రి, కంప్యూటరు లేనిచోట, కొత్త తావునొకదానిని చేతితో ఎక్కించుట అసలే తెలియదు. ఒక యజమాని చేయు ఏర్పాటు చూడదగినది. ముఖ్యమైన పది తావులను, చేతితో ఎక్కించు క్రమమును అరచేతి పాటి కాగితముపై తెలుగున వ్రాసి, పైన పారదర్శకమైన రేకు నంటించి, మైకు తగిలించు కొక్కెము ప్రక్కన వ్రేలాడదీసినాడు. అతడు లేనివేళ అనుమతి గల మరియొకడు వచ్చి కూర్చుండినను యంత్రము పనిచేయును. వేయి తావుల జ్ఞాపకశక్తి కంటె ఆ కాగితము విలువైనదని చెప్పిన తప్పులేదు.

బండి నడుపుచు మైకు పట్టుకొనుట ఎంతమాత్రము తగదు. ఈ విషయమున వాదము లేదు.

ఈ యంత్రమునందు అన్నింటికంటె ఆశ్చర్యము గొలుపునది, ఆపదలయందు అన్నింటికంటె అక్కరకు వచ్చునది, ఒక బ్యాండున విన్నదానిని రెండవ బ్యాండున తిరిగి చెప్పు గుణము. అనగా కారే ఒక చిన్న రిపీటరగుట. వరదనాడు సహాయకుడు పడవలోనో, మోకాలిలోతు నీటిలోనో వీధులలోనికి పోవలెను. అతని చేతి యంత్రము 5 వాట్లది; దాని కడ్డీ జానెడు; ఇండ్ల నడుమనుండి దాని మాట మండల కేంద్రమునకు చేరదు. కారును కరకట్ట మీదనో, వంతెన మీదనో ఎత్తున నిలిపి, 70 సెంటీమీటర్లయందు చేతి యంత్రమును విని, 2 మీటర్లయందు బలముగా తిరిగి చెప్పునట్లు అమర్చినచో, జానెడు కడ్డీవాని మాట జిల్లాకు వినబడును. దీనిని అభ్యసించిన యజమానులు మూడు సంగతులను నొక్కిచెప్పుదురు. కారు నడుమ రాయబారి కావున ప్రతి మాటకును అది పంపుచునే యుండును; వేడి రెట్టింపగును; 10 వాట్లకు మించరాదు. ఇంజను ఆపినచో బ్యాటరీ రెండు మూడు గంటలలోనే నీరసించును. ఏ తావున ఏ ధ్వని చెవినిబడినను కారు దానిని లోకమునకు చాటును గనుక గుర్తు ధ్వనిని తప్పక అమర్పవలెను. దీనిని అనుమతి షరతులకు లోబడియే వాడవలెను. కారును ఒంటరిగా వదలి పోరాదు. ఇవి ఒకనాటి సాయంకాలము చదివి నేర్చుకొనునవి కావు. ఎండనాడు పదిసార్లు చేసిన చేతులకే వాననాడు చీకటిలో వచ్చును.

ఈ యంత్రము చేయలేని పనిని గూర్చియు చెప్పవలెను. 2004 డిసెంబరులో హైదరాబాదునందలి జాతీయ సంస్థ పక్షమున భారతీ ప్రసాద్ గారి బృందము పోర్టుబ్లెయిరు పోయి, అండమాను నుండి ప్రపంచపు ఔత్సాహికులతో సంభాషించుచుండెను. 26వ తేదీన సునామీ వచ్చెను. వారు తమ కార్యక్రమమును వదలి, ద్వీపములలోని జనుల క్షేమసమాచారములను ప్రధాన భూభాగమునకు చేరవేయుటకు పూనుకొనిరి. ఆ మాటలు సముద్రముపై వేయి కిలోమీటర్లకు మించిన దూరము దాటినది హ్రస్వ తరంగముల మీద. అవి ఆకాశమునందలి విద్యుత్ పొరను తాకి మరల భూమికి వంగును. రెండు బ్యాండ్ల వాహన యంత్రపు తరంగములు ఆ పొరను చీల్చుకొని పోవునే గాని సాధారణముగా వంగవు. కావున ఇది జిల్లా యంత్రము; ద్వీపాంతర యంత్రము కాదు. దీనిని కొని సముద్రములు దాటింపజూచి నిరాశపడినవారు చాలమంది కలరు. ఆ నిరాశకు యంత్రము బాధ్యురాలు కాదు.

అయినను పొరను చీల్చుకొనిపోవు ఆ గుణమే వేరొక ద్వారమును తెరచినది. 2005 మే 5వ తేదీన నాటి నెల్లూరు జిల్లా శ్రీహరికోట నుండి పి.ఎస్.ఎల్.వి. రాకెట్టు ఎగిరినప్పుడు, దానితోపాటు 42.5 కిలోల ‘హామ్‌శాట్’ అను చిన్న ఉపగ్రహము పోయెను. ఔత్సాహికుల కొరకే చేయబడిన ఆ ఉపగ్రహము 435 మెగాహెర్ట్జ్ ప్రాంతమున విని, 145 ప్రాంతమున తిరిగి చెప్పెడిది. అనగా ఈ రెండు బ్యాండ్లే. అది 2014 జూలై వరకు పనిచేసెను. దానియందు మాటను పంపు విధానము వేరగుటచే వాహన యంత్రపు యజమానులు తిన్నగా దాని నుపయోగింపలేకపోయిరి. వారి ముచ్చట వేరొకచోట తీరినది. భూమికి 400 కిలోమీటర్ల ప్రాంతమున తిరుగుచున్న అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రమునందు, 2020 సెప్టెంబరు 2వ తేదీ నుండి పనిచేయనారంభించిన ఔత్సాహిక యంత్రము, పైన చెప్పబడిన టి.ఎం. డి 710 జాతిదే. కారు సీటు క్రింద దాగు యంత్రమునకే కొన్ని మార్పులు చేసి పైకి పంపిరి. చేసిన మార్పులను గమనింపుడు: పంకా ఎడతెగక తిరుగునట్లు చేసిరి, శక్తిని తగ్గించిరి, విద్యుత్తు నిచ్చు పరికరమును ప్రత్యేకముగా నిర్మించిరి. కరకట్ట మీది యజమాని ఏ మూడింటితో బాధపడెనో, అంతరిక్షమునందలి ఇంజనీర్లును వానినే ముందుగా సరిచేసికొనిరి. బరువు లేనిచోట వేడిగాలి పైకి లేవదు. అందుచే అచట పంకా ఆగినచో వేడికి పోవు దారియే లేదు.

ఆ కేంద్రము 2 మీటర్లయందు 145.990 వద్ద 67 హెర్ట్జ్ గుర్తుతో విని, 70 సెంటీమీటర్లయందు 437.800 వద్ద తిరిగి చెప్పును. 2025 జూలైలో శుభాంశు శుక్లా ఆ కేంద్రమునందున్నప్పుడు ఔత్సాహిక రేడియో ద్వారా భారతీయ విద్యార్థుల ప్రశ్నలకు జవాబులిచ్చెను. ఊరి మీదుగా కేంద్రము పోవు వేళ తెలిసికొని, అనుమతిపత్రము గల యజమాని కారును చెరువుగట్టున నిలిపి మాటలాడవచ్చును. మాటలాడుటకే అనుమతి కావలెను గనుక, చుట్టును చేరిన పిల్లలు వినవచ్చును.

ఇందు ఒక మెలకువ యున్నది. దగ్గరకు వచ్చు రైలు కూత హెచ్చు స్థాయిలోను, దూరమగు రైలు కూత తగ్గు స్థాయిలోను వినబడునట్లు, కేంద్రము సమీపించునపుడు 437.800 అను తావు సుమారు 10 కిలోహెర్ట్జ్ పైకి, దూరమగునపుడు అంతే క్రిందికి జరుగును. కేంద్రము ఆకాశమున కనబడునది పది నిమిషములు మాత్రమే. ఆ తొందరలో మీటలు త్రిప్పుచు వెదకుట కుదరదు. అందుచేత యజమానులు వేయి తావులలో ఐదింటిని దీనికై విడిచి, 437.810, 437.805, 437.800, 437.795, 437.790 అని వరుసగా వ్రాసి ఉంచుకొందురు. పడమటి దిక్కున కేంద్రము లేచినప్పుడు మొదటి తావున మొదలుపెట్టి, రెండేసి నిమిషములకు ఒక్కొక్క మెట్టు దిగుచు, తూర్పున అస్తమించు వేళకు ఐదవదానికి వత్తురు. ఐదవ తావున మాట సన్నగిలి గరగరమను ధ్వని మిగులగనే, గట్టున కూర్చున్నవారు తరువాతి రాక ఏ గంటకో చూచుకొందురు.